కాలు తియ్, ఇరైదా

మార్చి 18, సోమవారం

లేచింది! ఏడాదిన్నరగా శవంలా పడున్న మా ఆవిడ ఇరైదా కారు ఇవాళ మధ్యాహ్నం లేచి కూర్చుంది. తుఫానుకి గ్యారేజీలోకి నడుం లోతు ఉప్పునీళ్ళొచ్చి, ఇంజన్ లోపల సీళ్ళన్నీ తుప్పుపట్టి అతుక్కుపోయినప్పుడు "ఇది ఇంక తుక్కే బావా, తక్కెడకి వేసెయ్" అన్నాడు ఇరైదా తమ్ముడు చాగో. ఇవాళ వాడి మొహం చూడాల్సింది.

తాళం తిప్పగానే తెల్లటి పొగ వీధంతా కమ్మేసింది. ఎదురింటి దోన్యా ప్రూదెన్ నిప్పంటుకుందనుకుని బాల్చీతో నీళ్ళు పట్టుకొచ్చింది. చప్పుడు విని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇది ఇరైదా బండి కదూ" అంది. బాల్చీ కింద పెట్టి అక్కడే ఏడ్చేసింది. నేను పొగ వల్ల అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను.

రోటరీ ఇంజన్ అంటే మాటలా! పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్లు రెండు గిర్రున తిరుగుతుంటాయి. మూల మూలకీ ఒక సీలు. వెంట్రుక తేడా వచ్చినా కథ కంచికే. నాలుగు నెలలు ఒంటిచేత్తో కట్టాను. చాగో పట్టుకో అన్నది పట్టుకున్నాడు, అంతే.

ఒక్కటే చిన్న లోపం. డోర్లోంచి వంగి యాక్సిలరేటర్ చేత్తో నొక్కితే పులిలా ఉంది. వదిలితే ఆగిపోతోంది. స్లో నిలబడటం లేదు. కొత్త సీళ్ళు కదా, నాలుగురోజులు అరిగి సర్దుకోవాలి. అదే సర్దుకుంటుంది.

మార్చి 20

సర్దుకోలేదు.

మార్చి 22, శుక్రవారం

మా అమ్మాయి యారిత్సా, కాగువాస్ ఊరి నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, ఫాదర్‌తో మాట్లాడాను. మే నాలుగు, శనివారం పొద్దున పదింటికి పూజ" అంది. ఇరైదా పోయి ఆ రోజుకి ఏడాది. పూజ అయ్యాక రోటరీ ఇంజన్ బళ్ళవాళ్ళందరూ బళ్ళేసుకుని గుయామా చర్చి దగ్గర్నుంచి శ్మశానం దాకా ఊరేగింపుగా వస్తారు. రేసు ట్రాక్ మీద తిరిగిన మనిషికి మావాళ్ళు చేసే మర్యాద అది. అందరికంటే ముందు పోయినవాళ్ళ బండి నడవాలి. యారిత్సా నడుపుతుంది, పక్కన నేను కూర్చుంటాను.

ఊరేగింపంటే నడక వేగం. పది గజాలకోసారి ఆగాలి. ఆగినప్పుడల్లా ఇది చచ్చిపోతే, వెనక నలభై రోటరీలు చూస్తుండగా నేను దిగి బానెట్ ఎత్తుతానా? ఇరైదా బండి ముప్పై ఏళ్ళలో ఒక్క సిగ్నల్ దగ్గర కూడా ఆగిపోలేదు. స్లో అంటే దానిదే స్లో. చిక్కుడుగింజలు ఉడికే గిన్నె మీద మూత ఎగిరెగిరి పడ్డట్టు, బ్రప్ బ్రప్ బ్రప్ అని. రెండు వీధుల అవతల ఉండగానే మా ఇంట్లో తెలిసేది, ఆవిడ వస్తోందని. నేను కాఫీ పొయ్యి మీద పెట్టేవాణ్ణి. గ్యారేజీలోకి బండి వచ్చేసరికి కాఫీ పొంగేది.

ఆస్పత్రిలో అడిగింది ఒకసారి. "లాసారో, నా బండి చప్పుడొకసారి వినిపించు." ముందు నువ్వు ఇంటికి రా, ఈలోపు బాగుచేసి వినిపిస్తాను అన్నాను. ఆవిడ రాలేదు.

కాబట్టి మే నాలుగున ఆ చప్పుడు అచ్చం అలాగే రావాలి. ఇంకేం అక్కర్లేదు నాకు.

మార్చి 23

ఇవాళ సీటు పంచాయితీ. ఊరేగింపు రోజున కూతురు తప్ప ఇరైదా సీట్లో ఎవరూ కూర్చోరు. నడిపే మనిషి సీట్లో ఇంకొకళ్ళు కూర్చుంటే ఆ బండికి అరిష్టం, ట్రాక్ మీద ఎవర్నడిగినా చెప్తారు. నేనే ఎన్నడూ కూర్చోలేదు. నా చోటు బానెట్ కింద, ఆవిడ చోటు స్టీరింగ్ వెనక. మా సంసారంలో గొడవలు రాకపోవడానికి అదే కారణమని ఆవిడ అందరికీ చెప్పేది.

కానీ నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని బానెట్ కిందుంటే లోపల ఎవరో ఒకరు ఉండాలిగా. చాగో రొట్టెల వ్యాన్ తోలేసి వచ్చాక కూర్చోబెట్టాను. వాడు సీటు మీద తువ్వాలు పరిచి, శిలువ గుర్తు వేసుకుని, "అక్కా, మీ ఆయన కూర్చోమన్నాడు, నా పాపం ఏమీ లేదు" అని పైకి చూసి చెప్పి కూర్చున్నాడు.

"కాలు తియ్!" అన్నాను. తీశాడు. దగ్గి ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ.

"బావా, స్లో స్క్రూ ఒక చుట్టు లోపలికి తిప్పు. అయిపోతుంది."

"నోర్మూసుకుని కూర్చో."

"కాదు బావా..."

"అది తిప్పి నిలబెట్టడం దొంగపని రా! కిటికీకి కర్రముక్క అడ్డం పెట్టినట్టు. ఆ స్క్రూ తిప్పితే ఏ చెత్త ఇంజనైనా నిలబడుతుంది, రోగం మాత్రం లోపలే ఉంటుంది. రోగం కనిపెట్టినవాడే మెకానిక్."

"నువ్వు కరెంటోడివి కదా బావా" అన్నాడు. ఇంటికి పొమ్మన్నాను.

మార్చి 24, ఆదివారం

చాగోతో చెప్పలేదు గానీ, ఆ స్క్రూ తిప్పకపోవడానికి ఇంకో సంగతుంది. దాని మీద ఇరైదా ఎర్ర నెయిల్ పాలిష్ ఉంది.

ఎనభై ఆరు జూన్. సాలినాస్ ట్రాక్ వెనకవైపు. నేను కరెంటు ప్లాంట్‌లో కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ని. ఇరైదా నాన్న బండి అది, ఇరైదా నడిపేది. ఆ రోజుల్లో ఆడపిల్ల రేసు తోలడమా అని గేటు దగ్గర ఈలలు వేసేవాళ్ళు. ఆవిడ వాళ్ళని దాటుకుని వెళ్ళి గెలిచి, వెనక్కి వచ్చేటప్పుడు వాళ్ళ పక్కన ఆపి మరీ హారన్ కొట్టేది. అప్పుడే పోయింది నా ప్రాణం.

ఆ ఇంజన్‌కి స్లో నిలబడక వాళ్ళ నాన్న తల పట్టుకున్నాడు. నేను చేస్తానన్నాను, దగ్గర కావడానికి ఇంకో దారి తెలియక. మూడు సాయంత్రాలు అవస్థపడ్డాను. అందరూ చుట్టూ చేరి నవ్వడం. "కరెంటోడా, ఫ్యూజు ఎక్కడుందో చూశావా?" మూడోరోజు పొద్దుగూకుతోంది. గాలి స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, చచ్చేంత ఆశతో అరిచాను. "కాలు తియ్, ఇరైదా!" లోపల్నుంచి "తీశాను!" అంది.

నిలబడింది. బ్రప్ బ్రప్ బ్రప్. నేను ఎగిరి గంతేశాను. డోర్ తీసి అందరి ముందూ ఆ పిల్లని వాటేసుకున్నాను. వాళ్ళ నాన్న చేతిలో పెద్ద స్పానర్ ఉంది. కొట్టలేదు, ఆ ఆదివారమే మా అమ్మతో మాట్లాడ్డానికొచ్చాడు.

అప్పుడు ఇరైదా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నెయిల్ పాలిష్ తీసి స్లో స్క్రూ మీద చుక్క పెట్టింది. "ఇంక దీన్ని ఎవ్వరూ ముట్టుకోవడానికి లేదు. నువ్వు కూడా" అంది. ఆ రోజు నుంచి ట్రాక్ మీద నా పేరు మాస్ట్రో. మూడేళ్ళ తర్వాత ఆవిడ రేసులు మానేసింది, ఆ పేరు మాత్రం నాకుండిపోయింది. ఇప్పటికీ పెట్రోల్ బంకులో కూడా అలాగే పిలుస్తారు.

ఆస్పత్రిలో చివరి వారం కూడా ఆ స్క్రూ మాటే ఎత్తింది పిచ్చిది. "లాసారో, ఆ స్క్రూ..." అంది. "నువ్వేం దిగులుపడకు, నీ రంగు చెరగనివ్వను" అన్నాను. నవ్వింది. నవ్వి కళ్ళు మూసుకుంది.

ఎలా తిప్పమంటారు?

మార్చి 29

దొరికింది! బ్రేకుకి వెళ్ళే రబ్బరు గొట్టం చివర పగిలింది. ఎక్కడో గాలి లాగుతోందని నాకు తెలుసు. గొట్టం మార్చాను. ఇప్పుడు ఆగిపోయే ముందు ఇంకాస్త ఎక్కువసేపు కొట్టుకుంటోంది.

అంటే దారి సరైనదే.

ఏప్రిల్ 2

కాదు.

ఏప్రిల్ 6, శనివారం

కార్బొరేటర్ విప్పాను. ఎర్ర చుక్క కరిగిపోకుండా స్క్రూకి మైనం ముద్ద పూసి, మిగతాదంతా కడిగాను. సన్నటి రంధ్రాలన్నీ గిటార్ తీగతో పొడిచాను. పెట్రోల్ పోసి చూస్తే తొట్టి అద్దంలో సరిగ్గా గీత దగ్గరే నిలబడింది. పండగలా ఉంది చూడ్డానికి.

చాగో వచ్చాడు. చేతిలో దోన్యా ప్రూదెన్ పంపిన ఎండుచేప బజ్జీలు. "బైబిల్లో నీ పేరువాడు లాసారో చచ్చి లేచాడు బావా. నీ ఇంజను లేచి చస్తోంది" అన్నాడు. నవ్వకూడదనుకున్నాను, నవ్వొచ్చింది. ఇరైదా ఉంటే ఇద్దర్నీ కలిపి తిట్టేది.

బిగించాం. కూర్చున్నాడు. కాలు తియ్. తీశాడు. పోయింది.

"బావా, ఒక్క చుట్టు..."

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి లోపలికొచ్చేశాను. వాడు కాసేపు బయటే నిలబడి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 9

అల్మారా సర్దుతుంటే, నొప్పులకి రుద్దే అల్కొలాదో సీసా దొరికింది. కర్పూరం ఘాటు, ఆకుల వాసన. ఇంకా సగం ఉంది.

ఇరైదా స్కూల్ వంటింట్లో పని దిగి, ఊళ్ళోని సిగ్నళ్ళన్నీ దాటుకుని ఆ బండిలోనే ఇంటికొచ్చేది. రాగానే సోఫాలో పడి కుడికాలు నా ఒళ్ళో పెట్టేది. మడమ పైన, చీలమండ దగ్గర నొప్పి. నేను అల్కొలాదో పోసి రుద్దేవాణ్ణి. రోజంతా నిలబడి ఆరొందల మంది పిల్లలకి వండితే నొప్పి రాదా మరి! ఆ ఉద్యోగం మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పానో. "నువ్వు బాగా రుద్దుతావు, అందుకే నొప్పి వస్తోంది" అనేది. ఆఖరి పదేళ్ళు కుంటేది కూడా కాస్త.

మూత తీసి వాసన చూశాను. మళ్ళీ పెట్టేశాను.

ఏప్రిల్ 10

మళ్ళీ తీసి చూశాను.

ఏప్రిల్ 13

ప్లగ్గుల వైర్లు తారుమారయ్యాయేమోనని అన్నీ పీకి పెట్టాను. ప్రతి రోటర్‌కీ పైన ఒక ప్లగ్గు, కింద ఒక ప్లగ్గు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ పెట్టేటప్పుడు నేనే తారుమారు చేసి, సైలెన్సర్లోంచి తుపాకీ పేలినట్టు పేలి, దోన్యా ప్రూదెన్ కోళ్ళు గోడెక్కాయి. వాటిని దింపేసరికి చీకటిపడింది.

యారిత్సా ఫోను. "నాన్నా, అవ్వకపోతే ఇంకో బండిలో వెళ్దాం. అమ్మేం అనుకోదు."

"నేననుకుంటాను" అన్నాను.

ఏప్రిల్ 19, శుభ శుక్రవారం

ఇవాళ మేకు కొట్టకూడదు, స్పానర్ పట్టకూడదు. మా అమ్మ నేర్పిన భయం, ఈ వయసులోనూ పోలేదు. ఊరికే గ్యారేజీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, కారు వైపు చూస్తూ.

నాకు తెలిసిపోయింది. తప్పు లోపలుంది. ఏదో మూల సీలు నేను తిరగేసి పెట్టాను. లేకపోతే సీలు కింద స్ప్రింగు. నా కళ్ళు మునుపటిలా లేవు, ఒప్పుకుంటే పోలా. సోమవారం ఇంజన్ మళ్ళీ దింపి విప్పుతాను. రెండు వారాలుంది. రాత్రీ పగలూ చేస్తే అవుతుంది.

అవుతుంది.

ఏప్రిల్ 20

విప్పేముందు ఒక పరీక్ష. ప్లగ్గు తీసి తాళం తిప్పితే రోటర్ మూడు మూలలూ మూడు ఊపిర్లు వదలాలి. పుఫ్ పుఫ్ పుఫ్. ఒక మూల సీలు చెడితే ఆ ఊపిరి తగ్గుతుంది, కుంటి మనిషి నడకలా వినిపిస్తుంది. చెవి దగ్గర పెట్టి విన్నాను. మూడూ సమానం. రెండో రోటర్ కూడా మూడూ సమానం.

ఇంజన్‌లో ఏ రోగమూ లేదు.

అయినా విప్పుతాను. వినికిడి కూడా తగ్గుతోంది నాకు.

ఏప్రిల్ 21, ఈస్టర్

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

యారిత్సా పొద్దున వచ్చింది, కొబ్బరిపాల పాయసం గిన్నె పట్టుకుని. వాళ్ళమ్మ చేసినట్టే అల్లం ఎక్కువ వేసింది. చాగో కూడా వచ్చాడు. తిన్నాక గ్యారేజీలోకి వెళ్తే, ఇంజన్ దింపడానికి గొలుసులవీ నేను సిద్ధం చేసుకున్నవి చూసింది.

"మళ్ళీ విప్పుతావా? మే నాలుగుకి ఎలా అవుతుంది నాన్నా?"

"అవుతుంది."

"మామయ్యా, నువ్వైనా చెప్పు."

"నేను చెప్పేదొకటే, అది ఆయన వినడు" అన్నాడు చాగో. "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు."

"అసలెలా ఆగిపోతుందో నేనొకసారి చూస్తాను" అని ఈ పిల్ల గబుక్కున డోర్ తీసి ఎక్కేసింది. తువ్వాలు లేదు, శిలువ గుర్తూ లేదు. "దిగు! ఇవాళ కాదు!" అని నేను అరుస్తూనే ఉన్నాను, తాళం తిప్పేసింది. రెండుసార్లు రేజ్ చేసి వదిలింది.

బ్రప్ బ్రప్ బ్రప్ బ్రప్.

ఆగలేదు. ఆగుతుందని చూశాను, ఆగలేదు. చిక్కుడుగింజల గిన్నె మూత. అదే చప్పుడు, అచ్చం అదే. ఎదురింట్లోంచి దోన్యా ప్రూదెన్ "ఇరైదా!" అని కేకేసింది. నేను గంతేశాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో. చాగోని వాటేసుకున్నాను. వాడు కర్రలా నిలబడ్డాడు, నేలకేసి చూస్తున్నాడు.

"ఏం చేశావే తల్లీ? ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు నాన్నా. అమ్మ నేర్పినట్టే. మునివేళ్ళు బ్రేకు మీద, మడమ యాక్సిలరేటర్ అంచు మీద." కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతోంది. "నువ్వు ప్లాంట్‌లో డ్యూటీకి వెళ్ళినప్పుడు ఈ బండిలోనే కదా నాకు డ్రైవింగ్ నేర్పింది. సీటు సంగతి నీకు చెప్పొద్దంది. మొట్టమొదట చెప్పిందే అది, ఈ బండికి మడమ తియ్యకూడదు, తీస్తే చచ్చిపోతుందని. అదేంటి, నీకు తెలీదా?"

నేను ముందుకెళ్ళి కార్బొరేటర్ పక్కకి వంగాను. స్లో స్క్రూ, దాని మీద ఎర్ర చుక్క. యాక్సిలరేటర్ మీట దాన్ని ఆనుకుని ఉండాలి. ఆనుకోలేదు. మధ్యలో గోరు మందం సందు. పట్టి పట్టి చూస్తేనే కనిపించేంత. నేనెప్పుడూ గాలి స్క్రూ వైపే నిలబడేవాణ్ణి, ఆ పక్కకి వంగాల్సిన అవసరమే రాలేదు.

"మడమ తియ్" అన్నాను.

తీసింది. మీట వెళ్ళి టిక్కున ఎర్ర చుక్కకి తగిలింది. ఇంజన్ ఆగిపోయింది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి నేనే.

ఏప్రిల్ 22

ఇంజన్ విప్పలేదు.

ఏప్రిల్ 23

గ్యారేజీలోకి వెళ్ళలేదు. యారిత్సా ఫోను తియ్యలేదు.

ఏప్రిల్ 25

పెట్రోల్ బంకు కుర్రాడు "ఏం మాస్ట్రో" అన్నాడు. చిల్లర తీసుకోకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 27, శనివారం

చాగో వచ్చాడు. తలుపు తియ్యలేదు. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని రొట్టె తింటూ, పోనే పోడు. చివరికి నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఇంకెవరికి?"

"ట్రాక్ మొత్తానికి తెలుసు బావా. ఆవిడ మడమ కనబడేది కదా డోర్ వైపు నిలబడ్డవాళ్ళకి. నువ్వు బానెట్ వెనకుండేవాడివి, నీకొక్కడికే కనబడేది కాదు."

"మాస్ట్రో అన్నది అందుకేనా?"

వాడు రొట్టె నమిలి మింగాడు. "మొదట్లో ఎగతాళికే అన్నారు. తర్వాత అక్క ఒకణ్ణి చెప్పు తీసుకుని కొట్టబోయింది. ఆ తర్వాత మామూలుగానే అన్నారు. అలవాటైపోయింది."

ఒళ్ళు మండిపోయింది నాకు. "ముప్పై ఏళ్ళకి పైగా నన్ను వెర్రివెధవని చేసింది. ఒక్కసారి చెప్తే నేనేమన్నా కాదంటానా?"

"స్క్రూ తిప్పమని నేను నెలరోజులుగా చెప్తున్నాను, ఏమన్నావు?"

నేను గేటు గడియ తీసి మళ్ళీ పెట్టాను.

"ఎనభై ఆరులో, నువ్వు గంతేసిన రోజు రాత్రే అడిగాను అక్కని, ఎందుకు చెప్పలేదే అని" అన్నాడు చాగో. "'వాడు గంతేశాడు చాగో' అంది. 'ఆ గంతు చూశాక ఏ నోటితో చెప్పను?' అంది. పెళ్ళయ్యాక చెప్తానంది. పిల్ల పుట్టాక చెప్తానంది. ఆ తర్వాత, 'ఇప్పుడు చెప్తే ఇన్నేళ్ళూ నటించానంటాడు' అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. బతికున్నవాళ్ళకిచ్చిన మాటైతే ఎప్పుడో తప్పేవాణ్ణి బావా."

వాడు ఏడుస్తున్నాడు. అరవయ్యేళ్ళవాడు, మీసాల నిండా రొట్టె తుంపులు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. కోపం మాత్రం పోలేదు.

ఏప్రిల్ 29

నిలబడితే రెండు కాళ్ళూ నొప్పి పుట్టాలి కదా.

ఏప్రిల్ 30

నిన్న ఆ ఒక్క ముక్క రాసి కలం పెట్టేశాను. ఇవాళ రాస్తాను.

రెండు కాళ్ళ మీద నిలబడి వండేది ఇరైదా. నొప్పి ఒక్క కాలికే వచ్చేది. అది కూడా కుడికాలికే. నేను రోజూ ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దాను, ఒక్కరోజు కూడా అడగలేదు, ఎడమకాలికేమీ లేదేమని. గుయామాలో ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి స్టాపు దగ్గరా, చర్చి ముందు ఊరేగింపుల్లో, స్కూలు గేటు దగ్గర పిల్ల కోసం ఆగినప్పుడల్లా, ఆ మడమ గోరు మందం నొక్కి పట్టి ఉంది. ఆ గోరు మందం నా గొప్ప. అది పడిపోకుండా ఆవిడ మోసింది. ఇంటికొచ్చి ఆ కాలే నాకిచ్చేది, రుద్దమని. నేను రుద్దుతూ వంటింటి ఉద్యోగాన్ని తిట్టేవాణ్ణి.

"లాసారో, ఆ స్క్రూ..." అంది కదా ఆస్పత్రిలో.

చెప్పబోయింది. నేను మధ్యలో అందుకుని, నీ రంగు చెరగనివ్వనని శపథం చేశాను. ఇంకేం చెప్తుంది? నవ్వింది. మళ్ళీ ఒకసారి గంతేశానని నవ్వుకుని ఉంటుంది.

కోపం ఉంది అని రాద్దామనుకున్నాను. ఇప్పుడు లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఆవిడ కావాలనిపిస్తోంది, అంతే. ఆ కాలు ఒళ్ళో కావాలి.

మే 2

యారిత్సా అంటోంది, "పోనీలే నాన్నా, నేను మడమ పెట్టి నడిపేస్తాను, ఎవరికీ తెలియదు" అని. చాగో కూడా అదే అన్నాడు. అక్క గుర్తు అలాగే ఉండనిద్దాం అన్నాడు. నిన్నటిదాకా తిప్పు తిప్పు అన్నవాడే!

రేపు చెప్తానన్నాను.

మే 3, శుక్రవారం

పొద్దున్నే, ఎవరూ రాకముందే గ్యారేజీ తెరిచాను. బొటనవేలి గోటితో ఎర్ర చుక్క గీకాను. ఇంత గట్టిగా పట్టుకుని ఉంటుందనుకోలేదు. పొట్టు పొట్టుగా ఊడింది. ఆ పొట్టు పారెయ్యబుద్ధి కాలేదు, చొక్కా జేబులో వేసుకున్నాను.

స్లో స్క్రూ ఒక చుట్టు లోపలికి తిప్పాను. ఇంకో పావు చుట్టు. చాగో చెప్పినట్టే, ఏముంది అందులో.

కారులో ఎవరూ లేరు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను.

మే 4, శనివారం

చర్చి ముందు నలభైకి పైనే వచ్చాయి బళ్ళు. మాయాగ్వెస్ నుంచి కూడా వచ్చారు. ముసలాళ్ళు, వాళ్ళ కొడుకులు. ఒకప్పుడు ట్రాక్ గేటు దగ్గర ఈలలు వేసినవాళ్ళలో ఇద్దరున్నారు, ఒకడికి చేతికర్ర.

యారిత్సా నడిపింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆగాం, కదిలాం, ఆగాం. ఆగినప్పుడల్లా కిందికి చూశాను. పిల్ల రెండు కాళ్ళూ పెడల్స్ మీద లేవు, నేల మీద ఉన్నాయి. బ్రప్ బ్రప్ బ్రప్. బజారులో కొట్లవాళ్ళు బయటికొచ్చి టోపీలు తీశారు. ఒకావిడ ఇరైదా పేరు పిలిచి చెయ్యూపింది.

శ్మశానం గేటు దగ్గర పద్ధతి ఏంటంటే, అందరూ ఒక్కసారి బండి రేజ్ చేసి ఆపేస్తారు. ఆపేశారు. యారిత్సా తాళం మీద చెయ్యి వేసింది. "ఉండనీ, దిగు" అన్నాను.

దిగింది. నేనూ దిగాను. డోర్లు రెండూ బార్లా తీసి పెట్టాను. లోపల ఎవరూ లేరు. ఇంజన్ దాని మానాన అది కొట్టుకుంటోంది. నలభై బళ్ళవాళ్ళు చుట్టూ చేరారు. ఆ మడమ సంగతి ట్రాక్ మొత్తానికి తెలుసు కదా, అది నాకూ తెలిసిందని ఇప్పుడు అందరికీ తెలిసింది. ఒక్కడు నవ్వలేదు. చేతికర్ర ముసలాయన వంగి పెడల్స్ వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూసి తలూపాడు.

నేను వెళ్ళి బానెట్ దగ్గర నా చోట్లో నిలబడ్డాను. ఎప్పటిలాగే అన్నాను. గట్టిగానే అన్నాను, ఆవిడకి వినబడేలా.

"కాలు తియ్, ఇరైదా."

ఆగలేదు.

మే 6, సోమవారం

ఫార్మసీకి వెళ్ళి ఎర్ర నెయిల్ పాలిష్ అడిగాను. అమ్మాయి నా వేళ్ళ వైపు చూసి ముసిముసిగా నవ్వింది. అదే రంగు దొరకలేదు, దగ్గర్లోది తెచ్చాను. స్క్రూ మీద చుక్క నేనే పెట్టాను.